నాయినతో హషిమా బొగ్గు దీవికి

నాగసాకి రేవు నుంచి నైరుతి దిక్కుగా సముద్రంలో సుమారు 18 కిలోమీటర్లు పోతే హషిమా అనే దీవి వస్తుంది. ఉత్తర దక్షిణాలు 480 మీటర్లు, తూర్పు పడమరలు 160 మీటర్లు. మొత్తం 6.3 హెక్టార్లు, అంటే మన లెక్కలో పదిహేనున్నర ఎకరాలు. మా దిక్కున ఒక పెద్ద రైతు చేను అంత ఉంటుంది. ఆ కాస్త జాగాలో 1960 నాటికి అయిదు వేల రెండు వందల మందికి పైగా కాపురాలు ఉన్నారు. ఆ రోజుల్లో టోక్యో నగరంలో కంటే అక్కడ జనసాంద్రత తొమ్మిది రెట్లు ఎక్కువ. 1974 ఏప్రిల్ తర్వాత ఒక్క మనిషి లేడు.

దీన్ని దయ్యాల దీవి అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఖాళీ మేడలు, ఊడిపోయిన కిటికీలు, నల్లబడ్డ గోడలు ఫొటోల్లో చూస్తే అలాగే అనిపిస్తుందేమో. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. నేను ఆ దీవి మీద అడుగుపెట్టింది మా నాయినతో కలిసి. ఆయన ఇల్లెందు, కొత్తగూడెం బాయిల్లో పనిచేసి రిటైరైన మనిషి. (బొగ్గు గనిని మా వైపు బాయి అనే అంటాం, సింగరేణిని కంపెనీ అనే అంటాం. ఇక్కడా అలాగే రాస్తాను.) హషిమాను ఆయన చూసిన తీరు వేరు. ఆ రోజు గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది.

అప్పుడు నేను ఫుకువొకాలో ఉద్యోగం చేస్తున్నాను. 2016 వసంతంలో అమ్మ, నాయిన మా దగ్గరికి వచ్చారు. గుళ్లు, టవర్లు, మాళ్లు అన్నీ తిప్పి చూపించాను. నాయిన అన్నింటికీ "మంచిగున్నది" అని ఊరుకునేవాడు. ఒక సాయంత్రం టీవీలో పాత నలుపు తెలుపు దృశ్యాలు ఏవో వస్తున్నాయి. టోపీకి బత్తి పెట్టుకున్న మనుషులు కేజీలోంచి (బాయిలోకి మనుషులను దించి, ఎక్కించే లిఫ్టు) దిగి బయటికి నడుస్తున్నారు. ఆయనకు జపనీస్ ఒక్క ముక్క రాదు. కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకొని, "ఇది ఎక్కడి బాయిరా?" అన్నాడు. అంతే, ఆ శనివారమే ఇద్దరం బయలుదేరాం. సముద్రం మీద పడవంటే అమ్మ రానన్నది.

అప్పట్లో ఫుకువొకాలోని హకాతా స్టేషన్ నుంచి నాగసాకికి కమొమె ఎక్స్‌ప్రెస్ రెండు గంటల ప్రయాణం. కొంత దూరం అరియాకె సముద్రం ఒడ్డునే పోతుంది. రేవులో పడవ ఎక్కాక కుడిచేతి వైపు మిత్సుబిషి ఓడల కార్ఖానా, దాని మీద 1909లో స్కాట్లండ్ నుంచి తెప్పించి నిలబెట్టిన పెద్ద క్రేను కనబడతాయి. మేం పోయేనాటికి కూడా ఆ క్రేను పనిచేస్తూనే ఉంది. నాయిన దాన్ని చాలాసేపు చూశాడు. మెగామి వంతెన దాటితే ఇక బయటి సముద్రం, ఒకదాని వెంట ఒకటి దీవులు. అందులో తకాషిమా ఒకటి. జపాన్‌లో పాశ్చాత్య పద్ధతిలో ఆవిరి యంత్రం పెట్టి నిలువుగా తవ్విన మొదటి బొగ్గు బాయి అక్కడిదే. సాగా సంస్థానం వాళ్లు, థామస్ గ్లోవర్ అనే స్కాట్లండ్ వ్యాపారి కలిసి 1869లో తవ్వించారు. తర్వాత అది మిత్సుబిషి చేతికి వచ్చింది. తకాషిమా దాటాక నకానోషిమా అనే ఉత్త రాతి దిబ్బ. దాని పక్కనే హషిమా.

హషిమాలో బొగ్గు ఉందని 1810 ప్రాంతంలోనే తెలుసు. చేపలు పట్టేవాళ్లు తీరిక వేళల్లో పైపైన దొరికినంత ఏరుకొని అమ్ముకునేవారట. మిత్సుబిషి ఈ దీవిని కొన్నది 1890లో. మా ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టింది 1871లో, తవ్వకం మొదలైంది 1889లో. ఇల్లెందును ఇప్పటికీ పాతవాళ్లు బొగ్గుట్ట అనే అంటారు. ఈ సంవత్సరాలు పడవలో నాయినకు చెప్పాను. "అంటే మన తాతల కాలంల ఈడ గూడ గిదే పని నడుస్తున్నదన్నట్టు" అని వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

దూరం నుంచి చూస్తే దీవి నిజంగా యుద్ధనౌక ఆకారంలోనే ఉంటుంది. గున్కన్‌జిమా, అంటే యుద్ధనౌక దీవి అని దానికి ఇంకో పేరు రావడానికి కారణం అదే. నాగసాకి కార్ఖానాలోనే 1920ల మొదట్లో కట్టిన తోసా అనే నౌక పోలికలు ఉన్నాయని ఆనాటి పత్రికలు రాశాయి. నిజానికి ఆ రూపం దేవుడు ఇచ్చింది కాదు. అసలు దీవి ఇప్పుడున్న దానిలో మూడో వంతే, మధ్యలో ఉన్న రాతిగుట్ట ఒక్కటే. 1897 నుంచి 1931 దాకా ఆరు విడతలుగా చుట్టూ గోడ కట్టి, లోపల బాయిలోంచి తీసిన రాళ్లు రప్పలు పోసి పెంచుకుంటూ పోయారు. పాత గోడల్లో రాళ్లను అతికించింది సున్నం, ఎర్రమట్టి కలిపిన గారతో. సిమెంటు రాకముందు కట్టిన ఆ ముక్కలు అక్కడక్కడా ఇంకా కనబడతాయి.

దిగడం అంత సులువు కాదు. అల అర మీటరు దాటి లేచినా, గాలి ఎక్కువైనా పడవను ఆనించనివ్వరు. రేవు కూడా సముద్రంలో విడిగా నిలబెట్టిన కాంక్రీటు దిమ్మె. తుపానులకు రెండుసార్లు కొట్టుకుపోతే మూడోసారి 1962లో కట్టింది ఇప్పటికీ నిలిచింది. మాకు ఆ రోజు సముద్రం బాగా సహకరించింది. గొడుగులు వద్దన్నారు, గుంపు విడిచి ఎటూ పోవద్దన్నారు. 2009 ఏప్రిల్ నుంచి జనాన్ని దిగనిస్తున్నారు కానీ దక్షిణం వైపు కట్టిన ఒక దారి, మూడు చోట్ల నిలబడి చూసే వేదికలు, అంతవరకే. మేడల్లోకి పోనివ్వరు, ఎప్పుడు ఏది కూలుతుందో తెలియదు.

ఒక వేదిక దగ్గర అందరూ కెమెరాలు పెట్టి వెనకాల మేడలను తీస్తున్నారు. నాయిన ఒక్కడే ఎదురుగా ఉన్న చిన్న కట్టడం వైపు చూస్తున్నాడు. పైకి పోయే కాంక్రీటు మెట్లు. ఆ మెట్ల పైన ఇప్పుడు ఏమీ లేదు. "రెండో నంబరు బాయికి కేజీ ఎక్కనీకె పోయే మెట్లు గివేనా?" అని అడిగాడు. గైడు ఇంకా ఆ సంగతి చెప్పనే లేదు. నేను జపనీస్‌లోకి మార్చి అడిగితే, ఆ పెద్దాయన మాట ఆపి మా వైపు తిరిగాడు. ఆయన హషిమాలోనే పుట్టి పెరిగినవాడు, బళ్లో చదువుకునేటప్పుడు దీవి వదిలి వెళ్లాడు. మా నాయిన ఏం చేస్తాడో చెప్పాను. ఆయన టోపీ తీసి నాయినకు వంగి దండం పెట్టాడు. ఆ తర్వాత గంటసేపు గైడు అందరికీ చెబుతూనే, మధ్యమధ్య "ఒతోసాన్" (నాన్నగారూ) అంటూ మా నాయినకు విడిగా చెప్పాడు.

నాయిన అడిగిన ప్రశ్నలు బాయి మనిషి మాత్రమే అడిగేవి. లోతు ఎంత? గాలి ఎట్ల పంపేవాళ్లు? గ్యాసు ఉండేదా? నీళ్లు ఎట్ల తోడేవాళ్లు? ఎదురుగా సముద్రం కనబడుతుంటే ఆ చివరి ప్రశ్న నాకూ బలంగానే తగిలింది.

రెండో నంబరు బాయి నిలువుగా 606 మీటర్లు. కేజీ సెకనుకు ఎనిమిది మీటర్ల వేగంతో దిగేది. కింద దిగాక సముద్రం అడుగున ఏటవాలుగా పోతూ పోతూ పని ముఖాలు (బొగ్గు తవ్వే చోట్లు) సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల కిందికి చేరాయి. అక్కడ వేడి 30 డిగ్రీలు, తేమ 95 శాతం. బొగ్గు పొర బాగా వాలుగా ఉండటంతో నిలబడటమే కష్టం. మీథేన్ గ్యాసు ఎక్కువ, అందుకని దిగేముందు ఒక్కొక్కరినీ తడిమి అగ్గిపెట్టె, సిగరెట్టు ఉన్నాయేమో చూసేవాళ్లు. నాయిన వెంటనే, "మాక్కూడ గంతే. బీడీ కట్ట బాయి మీదనే ఇడిచి దిగాలె" అన్నాడు. గైడుకు నేను చెప్పేలోపే సైగలతో ఆ సంగతి అర్థమైపోయింది.

బొగ్గు నాణ్యం సంగతి వచ్చినప్పుడు నాయిన కొంచెం తగ్గాడు. మన సింగరేణి బొగ్గు కరెంటు కేంద్రాలకు, సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది. ఉక్కు బట్టీలకు పనికొచ్చే కోకింగ్ బొగ్గు మన దగ్గర పడదు. హషిమా బొగ్గు అచ్చంగా ఆ రకం. ఉత్తర క్యూషూలోని యవాతా ఉక్కు కర్మాగారానికి పోయేది. 1891 నుంచి మూతపడేదాకా ఈ చిన్న దీవి కింది నుంచి సుమారు కోటీ 57 లక్షల టన్నులు తీశారు. బొగ్గును కడిగి ఓడల్లోకి పంపిన బెల్టు పోయింది కానీ, దాన్ని మోసిన కాంక్రీటు స్తంభాలు వరసగా నిలబడే ఉన్నాయి.

నాయినకు అన్నిటికంటే నచ్చింది స్నానాల సంగతి. షిఫ్టు దిగి వచ్చినవాళ్లు ఒంటి మీది బట్టలతో సహా మొదటి తొట్టిలోకి దిగేవారట. అది సముద్రపు నీళ్లు, నిమిషాల్లో నల్లగా మారిపోయేది. బట్టలు విప్పి రెండో తొట్టి, అదీ ఉప్పునీళ్లే. చివరగా మూడో తొట్టిలో మాత్రం మంచినీళ్లు. మా చిన్నప్పుడు నాయిన బొగ్గు మసితోనే ఇంటికి వచ్చేవాడు. అమ్మ పెరట్లో కాగు కింద మంట వేసి నీళ్లు కాచి పెట్టేది. వీపు రుద్దే పని నాది. చెవుల వెనక, కనురెప్పల అంచున మసి ఎంత రుద్దినా పోయేది కాదు. కాటుక పెట్టుకున్నట్టు ఉండే ఆ కళ్లతోనే మా దగ్గర పెళ్లిళ్లకు కూడా వచ్చేవాళ్లు బాయి మనుషులు.

రెండో, మూడో వేదికల నుంచి ఇళ్లు కనబడతాయి. 30వ నంబరు మేడ 1916లో కట్టింది, ఏడంతస్తులు. జపాన్‌లో ఉక్కు చువ్వలతో కాంక్రీటు పోసి కట్టిన అపార్టుమెంట్లలో అదే మొదటిది. టోక్యోలోనో ఒసాకాలోనో కాదు, కూలివాళ్ల కోసం సముద్రం మధ్యలో కట్టారు. స్థలం లేక పైకి పోవాల్సి వచ్చింది, తుపాను గాలికి, ఉప్పు అలకు కర్ర ఇళ్లు ఆగవు కాబట్టి కాంక్రీటు పోయాల్సి వచ్చింది. 1918లో తొమ్మిదంతస్తుల మేడలు వరసగా లేచాయి. అప్పట్లో ఆ దేశంలో అంత ఎత్తు కట్టడాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మేడకూ మేడకూ మధ్య వరండాలు, వంతెనలు కలిపేశారు, వానలో గొడుగు లేకుండా దీవంతా తిరగొచ్చనేవారు. అన్నిటికంటే పెద్దది 65వ నంబరు. అందులో మూడు వందలకు పైగా ఇళ్లు, దాని పైకప్పు మీద చిన్న పిల్లల బడి.

ఎవరు ఎక్కడ ఉండాలో హోదాను బట్టి. గుట్ట మీద 3వ నంబరు మేడ పెద్ద అధికారులది, దానిలో ఇంటింటికీ సొంత స్నానాల గది. మిగతా ఊరికంతా ఉమ్మడి స్నానాలే. కింది అంతస్తులకు ఎండ రాదు, తుపాను వస్తే అల మేడ మీదుగా ఎగిరిపడి ఇరుకు సందుల్లో ఉప్పునీరు వానై కురుస్తుంది. నాయిన ఒకసారి పైకీ, ఒకసారి కిందికీ చూసి, "ఆఫీసర్ల బంగళాలు ఎప్పుడూ గుట్ట మీదనే" అన్నాడు. మా ఇంటిది అప్పట్లో కంపెనీ క్వార్టర్, రెండు గదులు. ఆఫీసర్ల బంగళాల వైపు పిల్లలం ఆడుకోవడానికి పోయేవాళ్లం కాదు.

ఆ పదిహేనున్నర ఎకరాల్లో ఏం లేవని! బడి, ఆసుపత్రి, సినిమా హాలు, పచీంకో ఆట కొట్టు, గుడి, బౌద్ధాలయం, మేడల మధ్య సందులో కూరగాయల అంగడి. కూరగాయలు ఎదురుగా ఉన్న నోమో తీరం నుంచి పడవల్లో వచ్చేవి. యూగవొ-మారు అనే ఆవిరి పడవ 1887లో నీళ్లలోకి దిగింది, 1962 దాకా నాగసాకికీ ఈ దీవులకూ మధ్య తిరుగుతూనే ఉంది. జీతాలు బాగుండేవి, అద్దె నామమాత్రం. అందుకే 1950ల చివర్లో మిగతా జపాన్‌కు టీవీ ఇంకా కొత్తగా ఉన్నప్పుడే, ఇక్కడి మేడల మీద యాంటెనాలు అడవిలా మొలిచాయి.

లేనివి రెండే, నీళ్లు, మట్టి. మొదట్లో సముద్రపు నీటిని మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చిన నీళ్లు తాగారు. తర్వాత నీళ్ల ఓడలు వచ్చేవి, సముద్రం బాగా లేకపోతే ఓడ రాదు, నీళ్లకు కోటా. 1957లో ఎదుటి తీరం నుంచి ఆరున్నర కిలోమీటర్లు సముద్రం అడుగున గొట్టం వేసి మంచినీళ్లు తెచ్చారు. జపాన్‌లో అలాంటిది అదే మొదలు. మట్టి సంగతి ఇంకా చిత్రం. పచ్చ ఆకు కనబడని చోట పెరిగే పిల్లలకు మొక్క ఎట్లా మొలుస్తుందో చూపించాలని 1960లలో తీరం నుంచి పడవల్లో మట్టి తెచ్చి, మేడల పైకి మోసుకెళ్లి, అక్కడ వరి, కూరగాయలు పండించారు. ఆ మట్టి మూటలు తొమ్మిదంతస్తులు ఎక్కించిన చేతులు బాయి చేతులే. ఇప్పుడు మనుషులు పోయాక, ఆ మట్టిలోంచీ గాలికి వచ్చిన గింజల్లోంచీ దీవి తనంతట తాను పచ్చబడుతోంది.

"మైసమ్మ గుడి ఏడున్నది?" అని నాయిన అడిగాడు. మా దగ్గర ప్రతి బాయి దగ్గరా మైసమ్మో పోచమ్మో ఉంటుంది, దండం పెట్టుకోకుండా ఎవరూ దిగరు. నేను గైడును, గనివాళ్లు మొక్కే దేవత ఎక్కడ అని అడిగాను. ఆయన గుట్ట శిఖరం వైపు చేయి చూపించాడు. కొండ దేవుడి చిన్న గుడి. ముందరి మంటపం ఎప్పుడో కూలింది, లోపలి గర్భగుడి మటుకు మొండిగా నిలబడి ఉంది. ఏటా ఏప్రిల్‌లో జాతర, పల్లకి, పిల్లల ఆటలు. నాయిన చెప్పులు విడిచి అక్కడి నుంచే దండం పెట్టుకున్నాడు. చనిపోయినవాళ్లను దహనం చేయడానికి మాత్రం దీవిలో చోటు లేదు. మేం వస్తూ దాటిన నకానోషిమా వాళ్ల శ్మశానం.

ఇక్కడి దాకా చెప్పి ఆపితే హషిమా గురించి సగమే చెప్పినట్టు. ఆ రోజు మా పడవలో మిగతా సగం గురించి ఒక్క మాటైనా రాలేదు.

యుద్ధకాలంలో జపాన్ మగవాళ్లు సైన్యానికి పోయాక, బాయిల్లోకి మనుషులు చాలక, కొరియా నుంచి వందల మందిని, చైనా నుంచి రెండు వందల మందికి పైగా ఈ దీవికి తెచ్చారు. అత్యధికంగా బొగ్గు తీసింది 1941లో, నాలుగు లక్షల పదకొండు వేల టన్నులు. కొరియన్లలో చాలామంది పల్లెల నుంచి పట్టుకొచ్చినవాళ్లు. పద్నాలుగేళ్లకే తెచ్చిపడేసిన ఒక కుర్రాడు, ముసలితనంలో తన గోడు చెప్పాడు. ఇరుకు సందుల్లో కడుపు మాడ్చుకుంటూ పనిచేశానని, సముద్రపు గోడ మీద నిలబడి కొరియా వైపు చూస్తూ దూకేద్దామని ఎన్నోసార్లు అనుకున్నానని. ఈదుకుంటూ తప్పించుకోవాలని చూసి మునిగిపోయినవాళ్లు కూడా ఉన్నారు. అంతకు ముందు కాలం కూడా మంచిది కాదు. 1888లోనే పక్కనున్న తకాషిమాలో గుత్తేదార్లు అప్పుల్లో బిగించి మనుషులను ఎలా తోముతున్నారో జపాన్ పత్రికలు బయటపెట్టాయి.

మర్నాడు నాగసాకిలో నేను నాయినను ఒక చిన్న మ్యూజియానికి తీసుకుపోయాను. ఒకా మసహరు అనే పాస్టరు పేరు మీద 1995లో పెట్టింది, ఆ ఊరివాళ్లే నడుపుతారు. జపాన్ సైన్యం ఇతర దేశాల్లో చేసినవి, కొరియన్లను గనుల్లో పెట్టి చేయించిన చాకిరి అందులో చూపిస్తారు. నాయిన ఫొటోల ముందు నిలబడి ప్రతి బోర్డూ చదివించుకున్నాడు. "బాయిల దిగుడే మస్తు కష్టం. దిగనంటే కొట్టుడు, ఎక్కనంటే కొట్టుడు, మల్ల ఇంటికి పోనియ్యకపోవుడు..." అని ఆగిపోయాడు. బయటికి వచ్చాక కూడా చాలాసేపు మాట్లాడలేదు.

2015 జులైలో యునెస్కో ఈ దీవిని మెయిజీ కాలపు పరిశ్రమల వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పుడు జపాన్ ప్రతినిధి ఆ సభలోనే ఒప్పుకున్నాడు, 1940లలో చాలామంది కొరియన్లను, ఇతరులను వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా తెచ్చి కఠినమైన పరిస్థితుల్లో బలవంతంగా పని చేయించారని. ఆ సంగతి అందరికీ తెలిసేలా ఒక కేంద్రం పెడతామనీ చెప్పారు. 2020లో టోక్యోలో పెట్టారు. అక్కడ ఆ బాధితుల సంగతి చెప్పాల్సినంత చెప్పలేదని 2021లో యునెస్కో కమిటీ గట్టిగానే విచారం తెలిపింది. నా అభిప్రాయం ఒక్కటే. మూడు తొట్ల స్నానం, మేడ మీది వరి మడి, పల్లకి జాతర ఎంత నిజమో, గోడ మీద నిలబడి ఏడ్చిన ఆ కుర్రాడూ అంత నిజం. ఆ మెట్లు అందరూ ఎక్కినవే.

దీవి ముగింపు త్వరగానే వచ్చింది. దేశమంతా బొగ్గు వదిలి చమురుకు మారుతోంది. 1964 ఆగస్టులో లోతు ముఖాల్లో బొగ్గు తనంతట తానే రాజుకుంది. ఆర్పే దారి లేక ఆ భాగమంతా నీళ్లతో ముంచేశారు. ఆ సంవత్సరం చాలా కుటుంబాలు వెళ్లిపోయాయి. మరుసటేడు మిత్సుసె అనే పక్క పొరలోకి దారి తీసి మళ్లీ నిలదొక్కుకున్నారు, కానీ ఎక్కువ కాలం కాదు. 1974 జనవరి 15న గని మూసేస్తున్నట్టు సభ పెట్టారు. అప్పటికి దీవిలో ఉన్నది సుమారు రెండు వేల మంది. ఏప్రిల్ 20న చివరి పడవ పోయింది. మూడు నెలల్లో ఊరు ఖాళీ. టీవీలు, బొమ్మలు, బళ్లో బెంచీలు వదిలేసి పోయారు. పడవలో పట్టినంతే కదా తీసుకుపోగలిగేది.

2020లో వానలకు 30వ నంబరు మేడ దక్షిణపు గోడ కొంత కూలిందని వార్త వస్తే, నాయినకు వీడియో కాల్‌లో చూపించాను. "ఇంకా ఎన్నేండ్లు ఆగుతది, ఉప్పుగాలి చువ్వను తినేస్తది" అన్నాడు. నిజమే, ఆ మేడ ఇప్పుడు ఎవరూ కాపాడలేని స్థితిలో ఉంది. దీవి చుట్టూ ఉన్న సముద్రపు కట్టను బాగుచేస్తున్నారు, మేడలన్నిటినీ నిలబెట్టడం మాత్రం సాధ్యం కాదు.

2016లో నాయిన ఇల్లెందు తిరిగి పోయాక, కొన్నాళ్లకు సెలవు మీద నేనూ పోయాను. ఆ రోజుల్లో కోల్‌బెల్ట్ (బొగ్గు బాయిల ఊళ్లు) అంతా వారసత్వ ఉద్యోగాల ముచ్చటే, అంటే బాయి మనిషి నౌకరీ అతని పిల్లలకు ఇచ్చే సంగతి. పొద్దున చాయ్ హోటల్ దగ్గర రిటైరైనవాళ్లంతా కూడేవాళ్లు. నాయిన అక్కడ జపాన్ గురించి చెప్పింది బుల్లెట్ రైలు గురించి కాదు, పూల చెట్ల గురించి కాదు. "బట్టలతోటే తొట్లె దుంకెటోళ్లట" అని మొదలుపెట్టి, 606 మీటర్ల లోతు, కేజీ వేగం, గుట్ట మీది దేవుడు, అన్నీ వరసగా చెప్పాడు. కొరియా పిల్లగాని సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. వింటున్నవాళ్లలో ఒకాయన, నాయినతో ఒకే షిఫ్టులో చేసినాయన, అన్నీ విని ఒకటే అడిగాడు.

"మరి బాయి మూసేసినంక వాళ్లకు, వాళ్ల పిల్లలకు నౌకర్లు ఇచ్చిండ్రా?"

నాయిన నా వైపు చూశాడు. నాకు తెలిసినంత చెప్పాను. కొందరు పక్కనున్న తకాషిమా గనిలో చేరారు, మిగతావాళ్లు జపాన్‌లో తలో దిక్కు పోయి వేరే పనులు వెతుక్కున్నారు. తకాషిమా కూడా 1986లో మూతపడింది.

"అంటే పన్నెండేండ్లకే మల్ల మూసిండ్రు" అన్నాడు ఆయన. "రెండుసార్లు బాయి పోగొట్టుకున్నోళ్లు గూడ ఉంటరు."

"ఉన్నరు" అన్నాడు నాయిన. "ఆ గైడు తండ్రి గట్లనే రెండు బాయిలల్ల జేసి ఆఖరికి నాగసాకి రేవుల కాపలా పని జేసిండట. పడవల తిరిగొచ్చేటప్పుడు నేనే అడిగించిన."